అత్తగారు ఎక్కిన పడవ

పెళ్లయి నాలుగేళ్లయినా సెల్విన్ తన అత్తగారి మొహం సరిగ్గా చూడలేదు. ఆవిడా అతని మొహం చూడలేదు. రెండిళ్ల మధ్య దూరం ఎంతో అనుకునేరు, రెండు నీళ్ల ట్యాంకులూ ఒక మామిడిచెట్టూ, అంతే. ఆవిడ దుకాణంలో పిండి కొంటుంటే అతను బయట ఎండలో నిలబడేవాడు. ఆవిడ వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయిందని ఎవరైనా వచ్చి చెప్పాక లోపలికి వెళ్లేవాడు. ఆవిడ కారెక్కితే అతను దిగిపోయేవాడు. ఆవిడ పేరు అతని నోట, అతని పేరు ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఇదంతా చూసి వాళ్లిద్దరికీ పడదని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాళ్లుండే ఆ నది ఒడ్డున అల్లుడు అత్తగారికిచ్చే గౌరవం అదే. సెల్విన్ వేటాడి తెచ్చిన కంగారూ తోక నెలకి రెండుసార్లు భార్య కేలీన్ చేత ఆవిడ ఇంటికి వెళ్లేది. ఆవిడ నిప్పుల బూడిదలో కాల్చిన రొట్టె అదే కూతురి చేత తిరిగొచ్చేది. రొట్టె మీద మాడు తక్కువుంటే అత్తగారు సంతోషంగా ఉన్నట్టు, ఎక్కువుంటే లేనట్టు. నాలుగేళ్లలో ఇద్దరి మధ్యా ఒక్క మాట పట్టింపు రాలేదు. నోరే విప్పకపోతే పట్టింపు ఎక్కణ్నించి వస్తుంది?

అలాంటి అత్తగారు ఆ బుధవారం పొద్దున్న అతని పడవ ఎక్కబోతోంది.

కొండగోడల మధ్య నది పారే గండిలో యాత్రికుల పడవని ఇరవై రెండేళ్లు నడిపినాయన అత్తగారు మేవిస్‌కి అన్న. కిందటి ఏడు వానలకి ముందు ఆయన పోయాడు. పోయినవాళ్ల పేరు అక్కడెవరూ ఎత్తరు కాబట్టి ఇప్పుడాయన అందరికీ 'పోయినాయన'. పడవ పక్కన తెల్లరంగుతో రాసుకున్న ఆయన పేరు మీద కూడా బూడిదరంగు టేపు అతికించారు. సెల్విన్ మూడు ఎండాకాలాలు ఆయన దగ్గర తాడు విసిరి, పెట్రోలు పోసి, యాత్రికులకి టీ కలిపి పని నేర్చుకున్నాడు. పడవ నడిపే లైసెన్సు కూడా సంపాదించాడు. అయితే ఆ కాగితం ప్రభుత్వం ఇచ్చేది. అది ఇంజనుకి సరిపోతుంది, గండికి సరిపోదు. గండి కథలు మేవిస్ పుట్టింటివి. ఆవిడ చెవులారా విని సరే అంటే తప్ప వాటిని బయటివాళ్లకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని మనం ఎగతాళికి అంటాం గానీ, సెల్విన్ చేయబోయే ఉద్యోగం అక్షరాలా అదే. కాకపోతే ముందు అత్తగారు ఒప్పుకోవాలి.

ఒప్పుకోకపోతే? మర్నాడు సీజనులో మొదటి బస్సు వస్తోంది, ఇరవై ఇద్దరు మనుషులతో. వాళ్లని వెనక్కి పంపి, పడవని చెట్టుకి కట్టేసి, సెల్విన్ మళ్లీ నాలుగొందల కిలోమీటర్ల అవతల పశువుల పెంపకం క్షేత్రంలో కంచెలు వేయడానికి పోవాలి. ఆరు వారాలకోసారి ఇంటికి రావాలి. పోయినాయన పోయాక ఒకసారి అలా పోయి వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూసి సొంత కూతురే ఎవరో అనుకుని గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అతని చెవుల్లోంచి ఇంకా పోలేదు. పాపకి ఇప్పుడు పదో నెల, కింద రెండు పళ్లొచ్చాయి. మూడో పన్ను వచ్చే రోజున తను ఇంట్లో ఉండాలని అతని కోరిక. చూడబోతే చిన్న కోరికే.

పడవ ఏర్పాట్లన్నీ కేలీన్ చేసింది.

"ముందు అమ్మ, వెనక నువ్వు, మధ్యలో ఆ ముసలాయనా ఆవిడా," అంది పాపని చంకలో సర్దుకుంటూ. "అమ్మ ముందుకే చూస్తుంది. నువ్వు నీళ్లని చూసుకో."

"నీళ్లు కూడా ముందే ఉంటాయి కదే," అన్నాడు సెల్విన్.

"అయితే కాస్త ఇటూ అటూ చూడు. దుకాణంలో ఎలా చూస్తున్నావ్ ఇన్నాళ్లూ?"

"దుకాణం కదలదు. పడవ కదుల్తుంది."

"అబ్బ, లైసెన్సున్న మొగుడివి కదా, చూసుకో!" అని అతని వీపు మీద ఒకటి చరిచి, తల్లిని తీసుకురావడానికి వెళ్లింది.

మేవిస్ ఎక్కేదాకా సెల్విన్ చెట్ల వెనక నిలబడ్డాడు. ఆవిడ పూలగౌనూ, మగవాళ్ల టోపీ వేసుకుని, చేపల గాలం తాడు చుట్టిన డబ్బా ఒక చేత్తో, సముద్రపు ఒడ్డున పాతుకునేంత పెద్ద చారల గొడుగు ఇంకో చేత్తో పట్టుకుని వచ్చింది. పడవ ముందు బల్ల మీద గండి వైపు తిరిగి కూర్చుంది. వెనక్కి వాల్చి గొడుగు విప్పింది. కేలీన్ ఈల వేశాక సెల్విన్ చెట్ల వెనక నుంచి వచ్చి చూస్తే, పడవ ముక్కు మీద అత్తగారు లేదు, ఎరుపూ తెలుపూ చారలు మాత్రమే ఉన్నాయి. ప్రాణం కాస్త కుదుటపడింది.

మధ్యలో కూర్చున్న ఇద్దరూ కారు వెనక కారవాన్ బండి కట్టుకుని ఒకరోజు ముందే దిగిన దంపతులు. గండి కథలు బయటివాళ్ల కోసం కాబట్టి, బయటివాళ్లకి ఎలా చెప్తాడో వినాలని మేవిస్ అంది. అందుకని వీళ్లని ఊరికే ఎక్కించుకున్నారు. బ్యారీ ముప్పై ఏళ్లు దక్షిణాన మర్రీ నది మీద పంటు నడిపి రిటైరయ్యాడు. గ్లెనిస్ ముప్పై ఒక్క ఏళ్లు బడిపంతులమ్మ, ఇప్పటికీ చివరి బెంచీ దాకా వినపడేలాగే మాట్లాడుతుంది. మధ్యవర్తి పని ఆవిడదేనని కేలీన్ ముందే చెప్పింది. ఆవిడ ఉత్సాహానికి హద్దు లేదు.

"ఎక్కేముందు తలా ఒక రాయి తీసుకోండి," అన్నాడు సెల్విన్. "చంకలో రుద్ది నీళ్లలో వేయండి. మీరెవరో నదికి తెలియాలి. మీ వాసన తెలిస్తే మిమ్మల్నేం చేయదు."

"నా చంక వాసన తగిలితే నది వెనక్కి పారిపోతుందయ్యా," అన్నాడు బ్యారీ.

"ముప్పై ఎనిమిదేళ్లుగా నేను పారిపోలేదుగా," అంది గ్లెనిస్. "వెయ్యి!"

రాళ్లు పడ్డాయి. పడవ కదిలింది.

గండిలో పొద్దుటి వెలుగు ఇంకా సగం గోడలమీదే ఉంది. పైన ఎర్రరాయి, వరద తోమినంత మేర కింద తెల్లరాయి. సెల్విన్ గొంతు సవరించుకుని, వందసార్లు విన్న మాట మొదలెట్టాడు. "చూశారా, కింద తెలుపు, పైన ఎరుపు. తెల్లది రోజూ స్నానం చేసేది. ఎర్రది చేయనిది. మా ఇంట్లో పిల్లల్లాగన్న మాట!"

మధ్యలో ఇద్దరూ నవ్వారు. ముందు గొడుగు కదల్లేదు. గొడుగు అవతలి నుంచి గొంతు వచ్చింది.

"టీచరమ్మా, వెనకాయన్ని అడుగు. ఆయనకెంతమంది పిల్లలట?"

ఆ పడవ మొత్తం పొడవు తొమ్మిది మీటర్లు. సెల్విన్‌కి అక్షరం పోకుండా వినపడింది. అయినా విననట్టే నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. మర్యాద చెవులకి కాదు, నోటికి. గ్లెనిస్ గిరుక్కున వెనక్కి తిరిగి, "మీకెంతమంది పిల్లలని ఆంటీ అడుగుతున్నారు," అంది.

"ఒక్కతే పాప. పది నెలలు. రోజూ స్నానం చేస్తుంది అని చెప్పండి."

గ్లెనిస్ ముందుకి తిరిగి అప్పజెప్పింది.

"తెలుసు, చేయించేది నేనే," అంది గొడుగు. "మరి ఆ స్నానం చేయని పిల్లలెవరో అడుగు."

ఆ మాట పోయినాయనది. ఆయనకి ఎనిమిదిమంది.

"ఆవిడ అన్నది ఆయనకి వినపడుతూనే ఉంది కదా, మధ్యలో నీ తిప్పలెందుకు?" అన్నాడు బ్యారీ.

"నేనన్నదీ నీకు వినపడుతూనే ఉంటుంది. ఎప్పుడైనా విన్నావా?" అంది గ్లెనిస్.

పడవ మొదటి మలుపు తిరిగింది. ఒడ్డున చెట్లకి గబ్బిలాలు గుత్తులుగుత్తులుగా వేలాడుతున్నాయి. ఎండ కోసం చిన్న మొసలి ఒకటి రాతిమీదికెక్కి నోరు తెరుచుకుని ఉంది. తాబేలురాయి రాగానే సెల్విన్ ఇంజను తగ్గించాడు. ఇది అసలైన కథ. నీళ్లని మోసుకొచ్చిన ముసలి తాబేలు ఇక్కడెందుకు కూలబడిందో, లేవమని ఎవరెవరు బతిమాలారో, చివరికది ఏమని జవాబిచ్చిందో, ఒక్క పేరూ తప్పకుండా, ఒక్క మెట్టూ దాటకుండా చెప్పాడు. చెప్తూ చెప్తూ చెమట్లు పట్టాయి. కథ అయ్యేసరికి బ్యారీ కూడా టోపీ తీసి రాయి వంక చూస్తున్నాడు.

"టీచరమ్మా," అంది గొడుగు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "కథ తప్పు పోలేదని చెప్పు. మాట పోలేదు. వరస పోలేదు. దగ్గు కూడా పోలేదు."

గ్లెనిస్ వెనక్కి తిరిగి, "దగ్గు... కూడా..." అని ఆగిపోయింది.

"తాబేలు కూలబడిన చోట మా అన్న దగ్గేవాడు. ఆయనకి చుట్టల దగ్గు. వెనకాయన చుట్ట ముట్టడే, ఆ దగ్గెక్కడిదో అడుగు."

తను దగ్గిన సంగతి సెల్విన్‌కే తెలీదు. మూడు ఎండాకాలాలు వెనక బల్లమీద కూర్చుని ఆయన నోరే చూశాడు. ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఎక్కడ చెయ్యెత్తుతాడో, అన్నీ ఒంటబట్టాయి. ఇంకోలా చెప్పడమెలాగో అతనికి తెలియదు. అతను పుట్టింది నీళ్లు లేని దేశం. ఇసుకదిబ్బల మధ్య, బోరు దగ్గర. ఈత నేర్చుకున్నదే ఇరవై రెండో ఏట. అలాంటివాడు నది గురించి సొంతంగా చెప్పేదేముంది?

"ఇంకోటి కూడా చెప్పు," అంది మేవిస్. "మా అన్న గొంతు మా అన్నతోనే వెళ్లింది. దాన్ని ఇంక పిలవకూడదు. కథ మావాళ్లదే గానీ, గొంతు వెనకాయనదే కావాలి."

ఈ మాట గ్లెనిస్ బడిపంతులమ్మ గొంతుతో కాకుండా, ఉత్తరం అందించినట్టు నెమ్మదిగా చెప్పింది. సెల్విన్ "సరే అని చెప్పండి," అన్నాడు.

తర్వాతి పావుగంట ఘోరంగా గడిచింది. సొంత గొంతు కోసం వెతికితే అది ఎక్కడో ఇసుకదిబ్బల్లో ఉండిపోయినట్టుంది. "అది చెట్టు," అన్నాడు. "అదుగో చేప." తర్వాత చాలాసేపటికి, "అది కూడా చెట్టే." బ్యారీ ఆవలించాడు. గ్లెనిస్ పాపం, "చాలా బావుందండీ చెట్టు," అంది. సెల్విన్ కళ్లముందు కంచె గుంజలు నాలుగొందల కిలోమీటర్ల పొడుగునా నిలబడ్డాయి.

అలాంటప్పుడు పిలుపుగోడ వచ్చింది.

అక్కడ గండి ఇరుకై మెలిక తిరుగుతుంది. ఎవరు కేకేసినా గోడ అంతకంటే గట్టిగా తిరిగి కేకేస్తుంది. యాత్రికులకి ఈ చోటంటే ప్రాణం. పోయినాయన ఇక్కడ రోజూ చెయ్యి నోటికి అడ్డంపెట్టి ఒకటే కేక వేసేవాడు, "ఓ హోయ్! ఎవరింట్లో టీ ఉందీ?" అని. మునిగేవాడు గడ్డిపరకని పట్టుకున్నట్టు సెల్విన్ నోరు దాన్ని పట్టుకుంది. వద్దనుకునేలోపే చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది, గొంతు సాగింది, కేక పడిపోయింది. అదే రాగం, అదే సాగదీత.

"ఎవరింట్లో టీ ఉందీ?" అంది గోడ.

అది సెల్విన్ గొంతు కాదు. రాతిలోంచి నూటికి నూరుపాళ్లు పోయినాయనే పలికాడు.

గొడుగు గిర్రున తిరిగింది. మేవిస్ లేచింది. చిన్నప్పటినుంచీ అన్న పిలిస్తే ఎలా తిరిగేదో అలాగే, ఆలోచన లేకుండా, వెనక్కి తిరిగింది. సెల్విన్‌కి కనిపించింది గొడుగు అంచు పక్కకి తొలగడం ఒక్కటే. ఆ పైన అతను ఏమీ చూడలేదు. దుకాణం గుమ్మంలో నాలుగేళ్లుగా చేసిన పనే చేశాడు. కళ్లు మూసి, తల పక్కకి తిప్పేశాడు. తలతోపాటు ఒళ్లు తిరిగింది, ఒంటితోపాటు ఇంజను పట్టుకున్న చెయ్యీ తిరిగింది.

అతను ముందే చెప్పాడు, దుకాణం కదలదు, పడవ కదుల్తుందని.

గరగరమంటూ పడవ ముక్కు ఎడమవైపు ఇసుకమేట మీదికెక్కి కూర్చుంది. బ్యారీ చేతిలో టీ ఒళ్లో ఒలికింది. మేట చివర ఎండకి పడుకున్న మూడు మొసళ్లు, ఈ వయసులో మాకీ గోలేమిటన్నట్టు, ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి జారుకున్నాయి. సెల్విన్ కళ్లు తెరిచేసరికి గొడుగు మళ్లీ యథాస్థానంలో ఉంది.

"నిద్రపోయావా ఏమయ్యా?" అని అరిచాడు బ్యారీ ప్యాంటు దులుపుకుంటూ. "ముప్పై ఏళ్లు పంటు నడిపాను, ఒక్కరోజు, ఒక్కరోజు కూడా ఇసుకెక్కించలేదు!"

"ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఇనప మోకు కట్టుంటే, దాన్ని పట్టుకుని పోయే పంటు ఎక్కడికెక్కుతుంది?" అంది గ్లెనిస్.

"అది వేరే సంగతి! ఇదిగో బాబూ, నిన్నే. ఏమైంది నీకు?"

ఏమైందో చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. కానీ ఆ నాలుగు ముక్కలూ తప్పుని తీసుకెళ్లి ముందు బల్లమీద పెడతాయి. పైవాళ్ల ఎదుట అత్తగారిని వేలెత్తి చూపడం కంటే కంచెలు వేయడం నయం.

"నాదే తప్పండి," అన్నాడు సెల్విన్. "చూసుకోలేదు."

"రేపు బస్సునిండా జనాన్ని ఎక్కించుకుని ఇలాగే చూసుకోకపోతే?" అన్నాడు బ్యారీ.

దిగి తోయక తప్పలేదు. "అవీ?" అన్నాడు బ్యారీ మొసళ్లు జారిన నీళ్లవైపు చూస్తూ.

"మంచినీటి మొసళ్లండి, మనుషుల జోలికి రావు."

"ఆ సంగతి వాటికి తెలుసా?"

"రాయి వేశారుగా. మీ వాసన తెలుసు."

"అందుకేనేమో పారిపోయాయి," అంది గ్లెనిస్ గౌను పైకి దోపుకుంటూ.

ఇప్పుడు చూడండి చిక్కు. పడవని వెనక్కి లాగాలి. ముందునుంచి తోసేవాళ్లు వెనక్కి చూస్తారు, వెనకనుంచి లాగేవాళ్లు ముందుకి చూస్తారు, అత్తా అల్లుడూ ఎదురుబొదురు! మేవిస్ ఒక్క క్షణం ఆలోచించి, గొడుగు బల్లలో గుచ్చి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పడవ ముక్కుకి వీపు ఆనించి నిలబడింది. సెల్విన్ వెనక తాడు భుజం మీదుగా వేసుకుని, పడవకి వీపు పెట్టి, ఛాతీ లోతు నీళ్లలో నిలబడ్డాడు. అటో ఇటో ఆ దంపతులు. అత్తగారు గండి పైవైపు చూస్తోంది, అల్లుడు దిగువకి చూస్తున్నాడు, మధ్యలో పడవ.

"ఇప్పుడు లాగమను!" అంది మేవిస్ తోస్తూ.

"ఇప్పుడు లాగమంటున్నారు!" అంది గ్లెనిస్.

సెల్విన్ లాగాడు. అప్పటికి మేవిస్ తోయడం అయిపోయి ఊపిరి పీల్చుకుంటోంది. పడవ కదల్లేదు.

"మళ్లీ!" "మళ్లీ అంటున్నారు!" మళ్లీ అంతే. ఆవిడ తోసినప్పుడు అతను లాగడు, అతను లాగినప్పుడు ఆవిడ తోయదు. కబురు పడవ పొడుగునా నడిచి వెళ్లేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. "మీ ఇద్దరూ సూటిగా ఒక్క మాట అనుకుంటే ఈ పాటికి ఇంట్లో ఉండేవాళ్లం," అని బ్యారీ గొణిగాడు.

అప్పుడు మేవిస్ గౌను జేబులోంచి గాలానికి కట్టే సీసపు గుండు తీసి పడవ రేకు మీద కొట్టింది. టక్, టక్. ఆగి, టక్. రేకు పొడుగునా ఆ చప్పుడు పాకి సెల్విన్ వీపుకి తగిలింది. కొట్టడం మాట్లాడటం కాదు కదా! రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. పెద్ద దెబ్బకి అతను లాగాడు. సరిగ్గా అప్పుడే అవతల ఆవిడ తోసింది. పడవ వణికింది. టక్, టక్, టక్! జానెడు జరిగింది. సెల్విన్‌కి నవ్వొచ్చింది. నాలుగేళ్లలో మొదటిసారి అత్తగారు తనతో మధ్యవర్తి లేకుండా ఒక ముక్క చెప్పింది, అదీ రేకు మీద. మూడోసారికి పడవ జర్రున నీళ్లలోకి జారింది. బ్యారీ బోర్లా పడ్డాడు. గ్లెనిస్ చప్పట్లు కొట్టింది.

తిరుగు ప్రయాణంలో తడిసిన గుడ్డల్లో నలుగురూ నీళ్లు కారుతూ కూర్చున్నారు. ఇంతలో సెల్విన్ చూశాడు, గొడుగు వణుకుతోంది. మొదట కొంచెంగా, తర్వాత గట్టిగా. ఆవిడ ఏడుస్తోందనుకున్నాడు. అన్న గొంతు విని ఏడుస్తోంది, అదీ నా మూలానే. ఇంక చెప్పేదేముంది. ఇంటికెళ్లి బట్టలు సర్దుకోవడమే.

గొడుగు లోంచి కిసుక్కున చప్పుడు వచ్చింది. తర్వాత పకపకా వచ్చింది. మేవిస్ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని, గొంతు పెంచింది.

"పంటాయనా, విను. పడవ ఇసుకెక్కింది ఆయన వల్ల కాదు, నా వల్ల. మా అన్న పిలిచినట్టయి నేను వెనక్కి తిరిగాను. తిరక్కూడదు. ఆయన నన్ను చూడకూడదని మొహం తిప్పుకున్నాడు. పడవ పోతే పోయింది, ఉద్యోగం పోతే పోయింది, అత్త మొహం మాత్రం చూడలేదు! పైగా తప్పు తనదే అని నీ చేత తిట్లు తిన్నాడు."

బ్యారీ సెల్విన్ వైపు తిరిగి టోపీ తీశాడు. "తెలీక అన్నాను, బాబూ," అన్నాడు. తర్వాత భార్యతో, "గ్లెనిస్, మీ అమ్మ మొహం చూడకుండా ఉండే పద్ధతొకటి ఉందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. గ్లెనిస్ తడిసిన టోపీతో అతని మోకాలి మీద కొట్టింది.

"టీచరమ్మా, ఇప్పుడు వెనకాయనకి చెప్పు," అంది మేవిస్. "పడవ నడపడం ఎవరైనా నేర్పుతారు. ఈ బుద్ధి ఎవరూ నేర్పలేరు. ఇది ఉన్నవాడి నోట్లో మావాళ్ల కథలు పదిలంగా ఉంటాయి. రేపు బస్సు వచ్చినప్పుడు, ఆ మలుపులో కుడిగోడ పట్టుకుని పొమ్మను. పోయినేడు ఆ మేట అక్కడ లేదు. మొన్నటి వరద తెచ్చి పోసింది. దానికి పేరూ లేదు, కథా లేదు. మా అన్నకి కూడా తెలీని చోటది. దాని సంగతి వెనకాయనే చెప్పుకోవాలి, ఆయన నోటితో."

సెల్విన్‌కి అన్నీ వినపడ్డాయి. అన్నిట్లోకీ 'రేపు' గట్టిగా వినపడింది. అయినా మర్యాద మర్యాదే. నీళ్లని చూస్తూ, కబురు తన దగ్గరికి రావడం కోసం ఆగాడు.

గ్లెనిస్ వెనక్కి తిరిగింది. ముప్పై ఒక్క ఏళ్లు చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు, తీరా ఇప్పుడు రాలేదు. "రేపట," అంది. అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రేపు... కుడిగోడ... మిగతాది మీకు వినపడలేదు కదూ?"

"లేదండీ," అన్నాడు సెల్విన్. అతని కళ్లలోనూ నీళ్లు నిలిచాయి. "మీరు చెప్పండి."

ఆవిడ మొత్తం చెప్పింది. "మళ్లీ ఒకసారి చెప్తారా?" అన్నాడు. మళ్లీ చెప్పింది.

రేవులో కేలీన్ పాపనెత్తుకుని ఎదురుచూస్తోంది. తల్లీ, మొగుడూ, యాత్రికులూ తడిసి ఉండటం చూసి, "గండి చూపించమంటే స్నానాలు చేయించావా?" అంది. పాప అతని తడిచొక్కా పట్టుకుని, నోట్లో ఉన్న రెండు పళ్లూ చూపించి నవ్వింది. ఆ సాయంత్రం మామిడిచెట్టు దాటి వచ్చిన రొట్టె మీద ఎంత వెతికినా మాడు మచ్చ కనపడలేదు.

మర్నాడు బస్సు వచ్చింది. ఇరవై ఇద్దరు, ఇరవై రెండు రాళ్లు. తెల్లగోడ దగ్గర సెల్విన్ తన పాప గురించి చెప్పాడు. తాబేలు కథ చెప్పాడు, దగ్గలేదు. మలుపులో కుడిగోడ పట్టుకుని వెళ్లి, ఇంజను ఆపి, అందరూ ఇటు తిరిగేదాకా ఆగాడు.

"నేను నీళ్లు లేని దేశంలో పుట్టినవాణ్ని," అని మొదలుపెట్టాడు. గొంతు కొంచెం వణికింది గానీ అది అతనిదే. "ఈ ఇసుకమేట పేరు అత్తగారి మేట. ఈ గండిలో దీనంత కొత్త కథ ఇంకోటి లేదు. నిన్ననే జరిగింది..."

చెప్తుంటే ఒకాయన వేలెత్తి ఎడమ ఒడ్డు చూపించాడు. చెట్టు నీడలో చారల గొడుగు కింద ఎవరో ముసలావిడ చేపలు పడుతోంది. గాలం తాడు భుజం మీదుగా వెనక నీళ్లలోకి వెళ్లింది. ఆవిడ మాత్రం నదికి వీపు పెట్టి, కొండవైపు తిరిగి కూర్చుంది.

"అదేంటయ్యా, నదికి వీపు పెట్టి ఎవరైనా చేపలు పడతారా?" అన్నాడాయన.

సెల్విన్ అటువైపు తల తిప్పలేదు. "ఆ గొడుగు కదుల్తోందా?" అని అడిగాడు.

"కదలడమేంటి, ఊగిపోతోంది!"

"అయితే మిగతాది చెప్తాను," అన్నాడు సెల్విన్, ఒడ్డు దాకా వినపడేలా గొంతు పెంచి.